పొద్దున ఆరు నుంచి పది దాకా

యూరప్ గురించి ఏదైనా సరే నన్నడగండి. వియన్నాలో రాజుగారి తోట ఎన్నింటికి తెరుస్తారో, ఏ ట్రామ్ ఎక్కితే పాత ఊరి చుట్టూ తిరగొచ్చో, ఏ సరస్సులో పిల్లల్ని దింపవచ్చో, ఏ సరస్సులో కాలు పెడితే కొంకర్లు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చూశావా అని మాత్రం అడక్కండి. రాయచోటి, కడప, చెన్నై విమానాశ్రయం, రియాద్. నేను చూసిన లోకం ఇంతే. దూరపు కొండలు నునుపు అంటారు కదా, ఆ నునుపును అమ్ముకుని బతికేవాణ్ణి నేను.

రియాద్‌లో ఉలయా వీధిలో మా ట్రావెల్ ఆఫీసు. మొదట్లో పాస్‌పోర్టులు చంకలో పెట్టుకుని వీసా సెంటర్ల చుట్టూ తిరిగే పని చేశాను. తర్వాత ప్లాన్లు రాసే కుర్చీ దొరికింది. ఇక్కడి కుటుంబాలు ఎండాకాలంలో వారం పది రోజులు యూరప్ పోతాయి. నాలుగు రోజులు పట్నం, నాలుగు రోజులు సరస్సు పక్కన పల్లె, ఇది నేను కనిపెట్టిన కొలత. పట్నంలో ఆడవాళ్లకు అంగళ్లు, పల్లెలో పిల్లలకు పడవలు, పెద్దాయనకు చెట్టు కింద కుర్చీ, గదిలో వాళ్ల కాఫీ, గహ్వా, కాచుకోవడానికి పొయ్యి. అన్నిటికంటే ముఖ్యం, పొద్దున పదకొండుకు ముందు ఏదీ పెట్టకూడదు. సెలవుల్లో వాళ్లకు తెల్లారేది అప్పుడే. కొత్తగా చేరినవాళ్లు తొమ్మిదికి బస్సు, పదికి మ్యూజియం అని రాసి తిట్లు తింటారు. నేను ఒక్కసారి కూడా తినలేదు. ఆఫీసులో నన్ను 'నమ్సా మతీన్' అంటారు. నమ్సా అంటే అరబీలో ఆస్ట్రియా. ఆ పేరు వినపడినప్పుడల్లా నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

ఆ కుర్చీ ఇప్పించినవాడు అబూ ఫహద్ అనే సౌదీ పెద్దమనిషి. ఆయన ప్రయాణానికి ఒకసారి మేనేజరు లేనప్పుడు నేను ప్లాన్ రాశాను. తిరిగొచ్చి, "ఇకమీద మా ఇంటివాళ్లకు ఈ హిందీ మనిషే రాయాలి" అని మేనేజరుతో అన్నాడు. హిందీ అంటే వాళ్ల మాటలో ఇండియావాడు. అంతే, ఆయన తమ్ముళ్లు, బావమరుదులు, వాళ్ల వియ్యంకులు అందరూ నా బల్ల ముందుకే వచ్చేవాళ్లు. మూడేళ్ల కిందట ఆయనకు ఇంట్లో పనికి నమ్మకమైన మనిషి కావాల్సి వస్తే, నా భార్య తాజున్నీసాను ఊరినుంచి పిలిపించాను. మాకు పిల్లలు లేరు. ఇద్దరం ఒకే ఊళ్లో ఉంటాం గదా అనుకున్నాం. ఒకే ఊళ్లోనే ఉన్నాం, వారానికి రెండు గంటలు.

శుక్రవారం సాయంత్రం ఆ రెండు గంటలు. ఆ ఇంటి డ్రైవరు మౌలా సాహెబ్ మాకు మామ వరస, మదనపల్లె మనిషి. సరుకుల కోసమని బండి తీసి తాజును, మనవాళ్ల అంగళ్లుండే బతా పేటలో దింపేవాడు. నేను మెట్రో దిగి, జనంలో ఒరుసుకుంటూ, మనవాళ్ల మెస్సు దాకా వచ్చేవాణ్ణి. వెనకవైపు ఆడవాళ్లకు తెర కట్టిన బల్లలు రెండుండేవి. మేము దూదేకులవాళ్లం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. తాజు నా మేనమామ కూతురు. పెళ్లికి ముందూ తర్వాతా నన్ను బావా అనే పిలిచేది.

రంజాన్‌కు ముందు ఒక శుక్రవారం, దోసె తుంచుతూ అంది.

"బావా, నా గదికి లోపల గడియ లేదు."

"ఆ ఇంట్లోకి దొంగలెవురొస్తారే?" అని నవ్వాను.

"దొంగలు గాదు. ఫహద్ వస్తాండాడు. తలుపు తీసి నిలబడి సూస్తాడు. ఏమీ అనడు. కొంచేపుండి పోతాడు."

ఫహద్ ఆ ఇంటి పెద్దకొడుకు. ఇరవై రెండేళ్లవాడు. నా నవ్వు ఆగిపోయింది. ఆ రోజు మాత్రం మొగుడిలాగే ప్రవర్తించాను. బతాలోనే ఇనుప సామాన్ల అంగట్లో ఒక గడియ, నాలుగు మరలు కొని మౌలా సాహెబ్ మామ చేతికిచ్చాను. మామ పోయి బిగించాడు. మూడోరోజు ఇంటావిడ చూసి, పనిమనిషి గదికి గడియేమిటి, లోపల ఏం దాచుకుంటుంది అని ఊడదీయించింది.

"నాలుగు తూట్లు మిగిలినాయి బావా," అంది తాజు తర్వాతి వారం. "మొన్న లోపలికొచ్చి మంచం మింద కూసున్నాడు. నేను వంటింట్లోకి పోయి తెల్లారేదాకా నిలబడుకున్నా. నువ్వు పెద్దాయనతో మాట్లాడు. వేరే ఇంటికి తనాజుల్ అన్నా ఇయ్యమను, ల్యాకుంటే ఖురూజ్ కొట్టియ్యమను. ఊరికి పోతా."

తనాజుల్ అంటే వేరే యజమాని కిందికి మార్చడం. ఖురూజ్ అంటే ఇక తిరిగి రాని ప్రయాణం. రెండూ అబూ ఫహద్ చేతిలో పనులే. నేను నోరు తెరిచి అడిగితే చాలు.

నేను అడగలేదు. ఆయన కొడుకు మీద ఆయనకే ఫిర్యాదు చేస్తే నా కుర్చీ ఏమవుతుంది? ఆ కుటుంబమంతా ఇంకో ఆఫీసుకు మళ్లితే నన్ను నమ్సా మతీన్ అని ఎవడు పిలుస్తాడు? ఇవన్నీ మనసులో పెట్టుకుని, పైకి మాత్రం పెద్దమనిషిలా, "సర్దుకో తాజూ, ఈ సీజన్ అయిపోనీ" అన్నాను. ఆ సీజన్ నాది. తనకు సీజన్లేమీ లేవు.

మూడోసారి తను కథేమీ చెప్పలేదు. ముందు పెట్టిన బిర్యానీ తినలేదు. మెడ దగ్గర ఓణీ సర్దుకుంటూనే ఉంది. "గడియ" అని ఒక్క మాట అని ఊరుకుంది. నాకు అర్థమైంది. అర్థం కానట్టు, ఇంకో మంచినీళ్ల బాటిల్ తెమ్మని కేకేశాను. ఆ కేక నాకిప్పటికీ వినపడుతుంది.

బయట బండి దగ్గర మౌలా సాహెబ్ మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అల్లుడా, నేను ఆ ఇంట్లో డ్రైవర్ని. నాకు నోరు లేదు. నీకుండాది. ఆ పిల్ల సగమైపోయింది, సూడు."

"ఆగస్టులో వాళ్లు ఆస్ట్రియా పోతాండారు గదా మామా. తాజును గూడా తీస్కపోతాండారు. తిరిగొచ్చినాక అడుగుతా."

"తిరిగొచ్చినాకనా?" అన్నాడు మామ. బండి ఎక్కాడు.

ఆ ప్రయాణం ప్లాన్ రాసింది నేనే. నాలుగు రోజులు వియన్నా, నాలుగు రోజులు జెల్ ఆమ్ జే అనే సరస్సు ఊరు. తాజును పిల్లల గదిలో సోఫా మీద పడుకోబెడతానని ఇంటావిడ అంది. హోటలు వాళ్లు ఒప్పుకోరు, నిప్పు అంటుకుంటే ఇబ్బంది అని రూలుందని ఒక అబద్ధమాడి, రెండు చోట్లా తాజుకు విడిగా చిన్న గది పెట్టించాను. ఎందుకో చెబితే మీరు నన్ను కొడతారు. పొద్దున ఆరింటికి పిల్లల్ని లేపకుండా బయటికి పోవడానికి వీలుంటుందని.

అవును. ఇంటివాళ్లు పదకొండు దాకా లేవరు. ఆరు నుంచి పది దాకా నాలుగు గంటలు తాజువి. ఎనిమిది పొద్దులు, ముప్పై రెండు గంటలు. ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల పెళ్లాలకు రాసిచ్చిన ముచ్చట్లు ఈసారి నా పెళ్లానికి రాసిస్తున్నానని పొంగిపోయాను. రెండు రాత్రులు కూర్చుని తెలుగులో చేత్తో రాశాను.

మొదటి పొద్దు: రాజుగారి తోట, ఆరున్నరకే గేట్లు తీస్తారు, టికెట్టు లేదు, కొండెక్కితే ఊరంతా కనపడుతుంది. రెండో పొద్దు: పెద్ద చర్చి, పైకప్పు మీద రంగు పెంకులు, లోపలికి పోయినా ఎవరూ ఏమీ అనరు. మూడో పొద్దు: ట్రామ్ ఎక్కి పాత ఊరి చుట్టూ తిరుగు, కిటికీ పక్కన కూర్చో. నాలుగో పొద్దు: సంత, పళ్లు చూడు, చేత్తో ముట్టుకోవద్దు, తిడతారు. ఐదో పొద్దు నుంచి సరస్సు: బస్సులొచ్చేలోపు గట్టున నడువు, నీళ్లలో మంచు కొండ తలకిందులుగా కనపడుతుంది. ఇలా ఎనిమిదీ నింపాను. ప్రతిదాని పక్కనా కొంచెం జాగా వదిలి, 'ఎట్లుందో ఇక్కడ రాయి' అన్నాను. వచ్చినాక ఇద్దరం కూర్చుని చదువుకుందామని నా ఆశ.

బయల్దేరే ముందు శుక్రవారం ఆ కాగితం తాజు చేతిలో పెట్టాను. అది రెండువైపులా తిప్పి చూసింది.

"పెద్దాయన్ని అడిగినావా బావా?"

"వచ్చినాక అడుగుతాననింటి గదా. ముందు ఇది సూడు. ఈ తోట సూడు, ఎంత బాగుంటాదో!"

"అడిగినావేమో అనుకున్నా," అంది. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. మౌలా సాహెబ్ మామ హారన్ కొట్టాడు. రెండు గంటలు కాకముందే లేచింది. నేను మెస్సు గుమ్మం దాకా పోయి, ట్రామ్‌లో కుడివైపు కూర్చోమని చెప్పడం మరచిపోయానని గుర్తొచ్చి, వెనకనుంచి అరిచి చెప్పాను.

మొదటి రోజు 'తోట ఎట్లుంది?' అని మెసేజ్ పెట్టాను. 'బాగుండాది' అని వచ్చింది. చర్చి ఎట్లుంది? బాగుండాది. ట్రామ్? బాగుండాది. ఫొటో పెట్టవే అంటే జవాబు లేదు. ఐదోరోజు ఒక ఫొటో వచ్చింది. సరస్సు, గట్టున ఒక ఖాళీ బెంచీ. ఆ ఫొటో ఆఫీసులో అందరికీ చూపించాను. నా భార్య తీసింది అని చెప్పాను. ఒక బెంగాలీ సహోద్యోగి, "భాభీ ఏది ఇందులో?" అని అడిగాడు. తీసిన మనిషి ఫొటోలో ఎట్లా ఉంటుందయ్యా అని వాణ్ణి ఎగతాళి చేశాను.

ఏడోరోజు మధ్యాహ్నం మౌలా సాహెబ్ మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, తాజు కనపల్లేదంట. పొద్దున్నే గదిలోనుంచి పోయిందంట. ఇంటావిడ ఈడికి ఫోన్ చేసి నన్నడుగుతాంది."

"నడిసేకి పోయింటాది మామా. ఏడో పొద్దు సరస్సు చుట్టూ నడవమని నేనే రాసినా. పదికల్లా వస్తాది."

"ఇప్పుడు ఆడ పన్నెండు దాటింది రా."

ఆ తర్వాతి గంట నేనేం చేశానో గుర్తు లేదు. సరస్సులోకి జారిందేమో అనుకున్నాను. గట్టున ఎక్కడ కంచె ఉంది, ఎక్కడ లేదు అని కంప్యూటర్లో వెతికానని తర్వాత పక్కబల్లవాడు చెప్పాడు. మామ మళ్లీ ఫోన్ చేశాడు.

"బతికే ఉండాది అల్లుడా. నేరుగా పోలీసుల దగ్గరికి పోయిందంట. వాళ్లే హోటలుకు ఫోన్ చేసినారంట. ఆడోళ్లను పెట్టే ఇల్లేదో ఉండాదంట, ఆడ పెట్టినారు. ఈ ఇంటోళ్లతో మాట్లాడనందంట."

"నాతో మాట్లాడిపీమను మామా. నంబరు కనుక్కో."

"నీతో గూడా మాట్లాడనందంట," అన్నాడు మామ.

కుటుంబం తిరిగొచ్చిన మూడోరోజు అబూ ఫహద్ ఆఫీసుకు వచ్చాడు. పక్కన ఫహద్. మేనేజరు లేచి నిలబడి గహ్వా తెమ్మన్నాడు. పెద్దాయన వద్దని చెయ్యెత్తి, మేనేజరును బయటికి పొమ్మని, నా బల్ల ముందు కూర్చున్నాడు. ఈ కొద్ది రోజుల్లో ఆయన ముసలివాడైపోయాడు. ఫహద్ గోడవారన సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

పెద్దాయన జేబులోంచి కాగితం తీసి బల్లమీద పెట్టాడు. నా ప్లాన్. నేను వదిలిన జాగాల్లో తాజు రాత ఉంది.

"ఆమె దిండు మీద దొరికింది," అన్నాడు అరబీలో. "మీ భాష. నా డ్రైవరుకు చదువు రాదు, నాకు తెలిసినవాళ్లలో ఇది చదివేది నువ్వొక్కడివే. నా ఇంట్లో తిని, నా పిల్లల్ని పెంచి, ఆమె పోలీసుల దగ్గరికి ఎందుకు పోయింది? చదువు."

నేను చదివాను. ముందు నాకోసం చదువుకున్నాను.

మొదటి పొద్దు, రాజుగారి తోట. దాని పక్కన: 'పోలేదు. ఈ గదికి లోపల గడియుండాది బావా. రెండుసార్లు యేసి, తీసి, మళ్లా యేసి సూసినా. పండుకున్నా.'

రెండో పొద్దు, చర్చి: 'పోలేదు. పండుకున్నా. ఎనిమిదికి ల్యాసినా.'

మూడో పొద్దు: 'పండుకున్నా.' నాలుగో పొద్దు: 'పండుకున్నా. ఎన్ని నెలలైందో ఇట్ల పండుకుని.'

ఐదో పొద్దు: 'పోయినా. బెంచీ మింద కూసున్నా. నీళ్లు బాగుండాయి. ఏడుపొచ్చింది. నీకు ఫొటో పెట్టినా.'

ఆరో పొద్దు దగ్గర నాలుగు వరుసలు: 'ఎల్లుండి రియాద్ అంటాండారు. ఆ గదిలోకి నేను పోను. నీకు మూడుసార్లు సెప్పినా. మూడోసారి నీకు అర్థమైంది, నీ మొకంలో సూసినా, నీళ్లు తెమ్మంటివి. నీ మింద కోపం ల్యాదని రాద్దామనుకున్నా. కోపముండాది.'

ఏడో పొద్దు జాగా ఖాళీ.

అక్షరాలు కనపడటం మానేశాయి. కాగితం బల్లమీద పెట్టి అరచేత్తో అదిమి పట్టుకున్నాను.

"ఏం రాసింది?" అన్నాడు అబూ ఫహద్.

"సరస్సు బాగుందని రాసింది."

ఆయన వేలు ఆరో పొద్దు మీదికి వచ్చింది. "ఇక్కడ నాలుగు వరుసలున్నాయి. నువ్వొక్క మాట చెప్పావు."

అప్పుడు కూడా నా బుర్ర అబద్ధమే వెతికింది. అలవాటు అట్లాంటిది. తలనొప్పి అని చెప్పొచ్చు, ఇంటిమీద బెంగ అని చెప్పొచ్చు. ఈయన నమ్ముతాడు, కుర్చీ మిగులుతుంది. తల ఎత్తితే సోఫాలో ఫహద్ నావైపే చూస్తున్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది, చూడటం లేదు. తాజు నా మొహంలో చూసింది ఏమిటో వాడి మొహంలో నాకు కనపడింది. తెలిసీ తెలియనట్టు ఉండటం.

చదివాను. మొదటి పొద్దు నుంచి వరసగా, ఒక్కో మాటా అరబీలోకి తెచ్చి చెప్పాను. గడియ అన్నచోట అరబీ మాట రాక, లేచి ఆఫీసు తలుపుకున్న గడియ మీద చెయ్యి వేసి చూపించాను. ఎవరు వచ్చేవారో కాగితంలో లేదు. నేను చెప్పాను. పేరు పెట్టి చెప్పాను.

ఫహద్ లేచాడు. తండ్రివైపు చూడకుండా నా పక్కనుంచే తలుపు తీసుకుని బయటికి పోయాడు. అబూ ఫహద్ ఆ తలుపు వైపు చాలాసేపు చూశాడు. కొడుకును పిలవలేదు. అబద్ధమని నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాకు ఆడపిల్లలున్నారు," అన్నాడు. "ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ రోజే ఆమెను మీ ఊరికి పంపేవాణ్ణి. అల్లా సాక్షి."

నిజమే అనిపించింది. అది నిజం కాకపోయి ఉంటే నేనింకా బతకగలిగేవాణ్ణి.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"రంజాన్ ముందు నుంచి."

ఆయన లెక్కపెట్టుకున్నట్టున్నాడు. రంజాన్, ఈద్, హజ్, ఆ తర్వాతి ఎండలు. ఆ నెలల్లో మేమిద్దరం ఈ బల్ల దగ్గరే ఎన్నోసార్లు కూర్చున్నాం. ఏ హోటలు కిటికీలోంచి సరస్సు బాగా కనపడుతుందో నేనే ఆయనకు బొమ్మలు తిప్పి చూపించాను.

"నువ్వు ఆమె భర్తవు కదా," అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. "తెలిసి ఏం చేశావు?"

ఏదో ఒకటి చేసే ఉంటానని వెతుక్కున్నాను. ఎంత వెతికినా ఒక్కటే దొరికింది.

"ప్లాన్ రాసిచ్చాను," అన్నాను.